కాగితం, నోటిమాట, మట్టి: మూడింటినీ కలిపి పరిశోధన చేయడం ఎలా

1845లో ఎరెబస్, టెర్రర్ అనే రెండు ఓడలు ఇంగ్లండ్ నుంచి ఆర్కిటిక్ సముద్రం వైపు వెళ్లాయి. నాయకుడు సర్ జాన్ ఫ్రాంక్లిన్. మంచులో చిక్కుకున్న 129 మందిలో ఒక్కరూ ఇల్లు చేరలేదు. 1854లో జాన్ రే అనే అన్వేషకుడికి అక్కడి ఇన్యూట్ ప్రజలు జరిగింది చెప్పారు. ఆ మనుషులు ఆకలితో నడుస్తూ నడుస్తూ కూలిపోయారని, చివరికి చనిపోయిన తోటివాళ్ల మాంసం తిన్నారని. రే ఆ మాట లండన్‌కు చేరవేస్తే పెద్ద గొడవైంది. చార్లెస్ డికెన్స్ అంతటి రచయిత కూడా ఆ జనం మాట నమ్మదగింది కాదని వాదించాడు.

1990ల్లో పరిశీలించిన ఎముకల మీద కత్తి గాట్లు కనిపించాయి. ఒక ఓడ బాగా దక్షిణాన మునిగిందని ఇన్యూట్ పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు. 2014లో ఎరెబస్ ఆ ప్రాంతంలోనే దొరికింది. 2016లో టెర్రర్ దొరకడానికి కారణం కూడా ఒక ఇన్యూట్ వేటగాడి మాటే. మంచులోంచి పొడుచుకొచ్చిన కొయ్యను చూశానని సామీ కోగ్విక్ ఏళ్ల తర్వాత చెప్పాడు.

ఇక కాగితం సంగతి. 1859లో ఒక రాళ్ల గుట్టలో ఓడల అధికారులు సంతకం చేసిన చీటీ దొరికింది. ఫ్రాంక్లిన్ 1847 జూన్ 11న చనిపోయాడని, ఓడలను 1848 ఏప్రిల్ 22న వదిలేశారని మనకు తెలిసింది దానివల్లే. నోటిమాట ఇంత కచ్చితమైన తేదీలు ఇవ్వలేదు. కానీ అదే చీటీలో బీచీ దీవిలో చలికాలం గడిపిన సంవత్సరం తప్పు పడింది. 1845–46 అని ఉండాల్సింది 1846–47 అని రాశారు. అక్కడే ఉన్న మనిషి, జరిగిన రెండేళ్లలోపే, తన చేత్తో రాసిన తప్పు అది.

అందుకే రాసి ఉంది కాబట్టి నిజం, చెప్పింది కాబట్టి పుక్కిటి పురాణం అనే అలవాటును ముందు పక్కన పెట్టండి. కాగితం, నోటిమాట, మట్టి (నేలలో, నీటిలో మిగిలిన ఆనవాళ్లు) మూడూ సాక్షులే. కోర్టులో సాక్షులను ఎలా విడివిడిగా విచారిస్తారో ఇక్కడా అలాగే చేయాలి. ఒకరి మాట ఇంకొకరి చెవిన పడకముందే ముగ్గురి వాంగ్మూలమూ రాసుకోవాలి. ఈ గైడ్ అంతా ఆ ఒక్క పని గురించే.

1. ప్రశ్నను ఒక వాక్యంలో రాయండి

"ఈ ఊరి చరిత్ర తెలుసుకోవాలి" అనేది ప్రశ్న కాదు. "ఈ గుట్ట మీది ఇళ్లను ఎప్పుడు వదిలేశారు? ఒక్కసారిగా వెళ్లారా, మెల్లమెల్లగా వెళ్లారా?" అనేది ప్రశ్న. మూడు సాక్ష్యాలూ విడివిడిగా జవాబు చెప్పగలిగేలా ఉండాలి. ఒక్కదానికే అందే ప్రశ్న అయితే కలపడానికి ఏమీ మిగలదు.

2. మూడు నోటుబుక్కులు పెట్టుకోండి

కాగితానికి ఒకటి, మనుషుల మాటలకు ఒకటి, నేల మీద కనిపించిన వాటికి ఒకటి. కంప్యూటర్‌లో చేస్తే మూడు వేర్వేరు ఫైళ్లు. ప్రతి ఎంట్రీకి ఒక నంబరు, రాసిన తేదీ, రాసినవారి పేరు. ఒక పుస్తకంలోని సంగతి ఇంకో పుస్తకంలోకి పాకనివ్వొద్దు. ఇది చాదస్తంలా అనిపిస్తుంది. కానీ ఆర్కైవ్‌లో (పాత రికార్డుల భండారంలో) చదివిన పేరు మనసులో తిరుగుతూ ఉంటే, ఇంటర్వ్యూలో పెద్దాయన చెప్పిన కాస్త వేరే పేరును మన చెవి "సరిచేసి" రాసేస్తుంది. ఆ "సరిచేసిన" పేరే తర్వాత రెండు ఆధారాలు ఏకీభవించాయనడానికి రుజువుగా తయారవుతుంది. వీలుంటే ఆర్కైవ్ పని ఒకరు, ఇంటర్వ్యూలు ఇంకొకరు చేయండి. ఒంటరిగా చేస్తుంటే, ప్రతి ఇంటర్వ్యూకు ముందు అప్పటికి మీకు తెలిసింది ఏమిటో నాలుగు లైన్లు రాసి పెట్టుకోండి. మీ ప్రశ్నల్లో మీ ఊహ ఎంత దూరిందో తర్వాత అదే చూపిస్తుంది.

3. కాగితాన్ని సాక్షిలా ప్రశ్నించండి

పన్ను లెక్కలు, భూమి దస్తావేజులు, సర్వే మ్యాపులు, ఓడల రిజిస్టర్లు, ప్రయాణికుల డైరీలు, కోర్టు ఫైళ్లు. ఏది చేతికొచ్చినా ముందు విషయంలోకి దూకొద్దు. ఎవరు రాశారు? ఎవరి కోసం? స్వయంగా చూశాడా, విన్నాడా? జరిగిన ఎన్నాళ్లకు రాశాడు? మన చేతిలో ఉన్నది అసలా, నకలా, నకలుకు నకలా? వీటి జవాబులు పేజీ పైభాగంలో రాసిన తర్వాతే విషయం ఎత్తి రాసుకోండి. పన్ను లెక్క రాసేవాడికి పన్ను కట్టేవాళ్లే కనిపిస్తారు. కౌలుదారు, కూలి, ఆడవాళ్లు, సంచారం చేసే గుంపులు ఆ పుస్తకంలో ఉండరు. లెక్కలో పేరు లేనంత మాత్రాన అక్కడ మనిషి లేడని కాదు.

తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త. బ్రిటన్ 1752లో క్యాలెండర్ మార్చినప్పుడు సెప్టెంబరులో 11 రోజులు ఎగిరిపోయాయి. అంతకుముందు ఇంగ్లండ్‌లో అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి పాత ఇంగ్లిష్ కాగితంలో ఫిబ్రవరి 1710 అని ఉంటే అది మన లెక్కలో 1711 కావచ్చు. కొలతలూ అంతే. మైలు, ఎకరం, గజం వంటివి చోటును బట్టి, కాలాన్ని బట్టి మారాయి. కాగితంలో ఉన్న కొలతను ఉన్నట్టే రాసుకుని, మార్చిన లెక్కను పక్క కాలమ్‌లో వేయండి. అసలును ఎప్పుడూ చెరపొద్దు.

కాగితం మీద ఉన్నదంతా కాగితం మీదే పుట్టిందని కూడా అనుకోవద్దు. బ్రిటిష్ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, ఇతర సహాయకులు ఊరూరా సేకరించిన కైఫీయతులనే (గ్రామాల వృత్తాంతాలనే) తీసుకోండి. గ్రామ పెద్దలు, కరణాలు చెప్పిన మాటలు, వాళ్ల దగ్గరున్న పాత లెక్కలు అందులో కలిసిపోయాయి. చూడటానికి అది రాత. సగం మాత్రం ఒక రోజున ఎవరో ఒకరు చెప్పిన మాట. అలాంటి పత్రంలో ఏ వాక్యం దేన్నుంచి వచ్చిందో విడదీయగలిగితే విడదీయండి, లేదంటే "మిశ్రమం" అని గుర్తు పెట్టండి.

4. మనిషి దగ్గరికి వెళ్లేటప్పుడు

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే. కాగితం వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది. తొంభై ఏళ్ల మనిషి ఉండకపోవచ్చు.

ముందు అనుమతి. ఎందుకు అడుగుతున్నారో, రికార్డింగ్ ఎక్కడ ఉంటుందో, ఎవరు వింటారో వాళ్ల భాషలో చెప్పండి. పేరు వేయాలా వద్దా అనేది వాళ్ల ఇష్టం. ఏ క్షణంలోనైనా రికార్డర్ ఆపమనే హక్కు, తర్వాత మనసు మార్చుకుని తీసేయమనే హక్కు వాళ్లకు ఉన్నాయని ముందే చెప్పండి. అన్ని సంగతులూ అందరికీ చెప్పేవి కావు. పూజ్యమైన చోట్ల గురించి, చనిపోయినవారి గురించి కొన్ని సమాజాల్లో కట్టుబాట్లు ఉంటాయి. ఒకరు నోరు మూసుకుంటే అక్కడితో ఆగండి.

తర్వాత అడిగే తీరు. మొదటి అరగంట ప్రశ్నలు వద్దు. "ఈ చోటు గురించి మీరు విన్నది చెప్పండి" అని వదిలేయండి. కథ ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో అదీ సమాచారమే. "ఇక్కడ వరద వచ్చిందట కదా?" అని అడిగితే మీరు సమాధానాన్ని కూడా చేతిలో పెట్టినట్టే. "ఇక్కడి నుంచి జనం ఎందుకు వెళ్లారు?" అని అడగండి. పాత ఫోటో, మ్యాపు, దొరికిన వస్తువు చూపించడం మంచిదే, కానీ కథ మొత్తం ఒకసారి రికార్డయ్యాక మాత్రమే.

ప్రతి సంగతికీ ఒక ప్రశ్న తప్పనిసరి: "ఇది మీరు చూశారా, ఎవరి దగ్గర విన్నారు?" నాయనమ్మ చెప్పిందంటే ఆమె ఎవరి దగ్గర విన్నదో అడగండి. ఎన్ని చేతులు మారిందో ఆ గొలుసు మొత్తం రాసుకోండి. బెల్జియం చరిత్రకారుడు యాన్ వాన్సినా ఆఫ్రికాలో మౌఖిక సంప్రదాయాలపై ఏళ్ల తరబడి పనిచేసి, 1961లో ప్రచురించిన తన పుస్తకంలో ఈ గొలుసు పరిశీలననే పద్ధతిగా నిలబెట్టాడు. గొలుసు ఎక్కడో ఒక బడి పుస్తకం దగ్గర తేలితే అది స్వతంత్ర సాక్ష్యం కాదు. ముద్రణలోంచి నోటికి, నోట్లోంచి మళ్లీ ముద్రణకు తిరిగి వచ్చిన మాటను రెండు సాక్ష్యాలుగా లెక్కపెట్టడం ఈ రంగంలో జరిగే పెద్ద పొరపాటు.

విడివిడిగా మాట్లాడండి. నలుగురిని ఒకచోట కూర్చోబెడితే మొదట గట్టిగా మాట్లాడిన పెద్ద మనిషి కథే అందరి కథ అవుతుంది. మిగతావాళ్లు తల ఊపుతారు. ఆడవాళ్లను, పనివాళ్లను, వేరే వర్గాలవారిని వేరుగా కలవండి. గుంపు చర్చ చివర్లో పెట్టుకుంటే మాత్రం చాలా ఉపయోగం. ఎవరు ఎక్కడ అడ్డు చెబుతారో అప్పుడు తెలుస్తుంది.

కుర్చీలో కూర్చుని చేసిన ఇంటర్వ్యూ తర్వాత, ఒంట్లో ఓపిక ఉన్నవారితో ఆ నేల మీద నడవండి. బండ కనిపిస్తే మాట గుర్తొస్తుంది, వాగు దాటితే ఇంకొకటి. చిన్న చిన్న చోట్ల పేర్లన్నీ ఉన్న ఉచ్చారణతోనే రాసుకోండి. ఏ మ్యాపులోనూ లేని పేరే ఒక్కోసారి పోయిన చెరువును, కొలిమిని, దారిని పట్టిస్తుంది. జీపీఎస్ పాయింటు తీసుకోండి.

రాసేటప్పుడు ఆయన అన్న మాటనే, ఆయన యాసలోనే రాయండి. దుబాసీ ఉంటే మూలం, అనువాదం రెండూ ఉంచండి. అనువాదం మాత్రమే మిగిలితే ఇరవై ఏళ్ల తర్వాత ఎవరూ సరిచూడలేరు.

ఒకే రాత్రిలో కట్టిన కోట, ఊరి కిందుగా పోయే సొరంగం, పూడ్చిపెట్టిన బంగారం, ఏ మనిషీ మోయలేని రాయి ఎత్తిన రాక్షసులు. ఇవి ఎన్నో దేశాల్లో వినిపిస్తాయి. వీటిని కొట్టిపారేయొద్దు, సాక్ష్యంలోనూ కలపొద్దు. విడిగా గుర్తు పెట్టండి. అలాంటి కథ ఒక చోటికి అతుక్కుందంటే, ఆ చోటు చూసేవాళ్లకు చాలాకాలంగా వింతగా కనిపించిందన్నమాట. వెళ్లి చూడదగ్గ చోటే.

తన గురించి తాను చెప్పే మాటకు ఇంకో పరీక్ష కావాలి. 1973లో అరిజోనా విశ్వవిద్యాలయంలో విలియం రాత్జే టక్సన్ నగరపు చెత్తను పురావస్తు పద్ధతిలో వేరుచేయించాడు. ఇళ్లవాళ్లు తాగామని చెప్పిన బీరుకన్నా చెత్తలోని సీసాలు, డబ్బాలు ఎక్కువ చెప్పాయి. వాళ్లంతా కావాలని అబద్ధమాడారని కాదు. ఎలా ఉండాలనుకుంటామో అలాగే ఉన్నామని గుర్తుంచుకోవడం మనిషి స్వభావం.

5. కాలాన్ని విడిగా లెక్కించండి

నోటిమాటలో చోటు గట్టిగా నిలుస్తుంది, సంవత్సరం నిలవదు. మధ్యలోని తరాలు కుదించుకుపోతాయి. ఇద్దరు రాజులు ఒక్కరైపోతారు. కాబట్టి "ఎన్నేళ్ల కిందట?" అని అడగొద్దు. "ఆ పెద్ద కరువుకు ముందా, తర్వాతా?", "మీ తాత పుట్టాక జరిగిందా?" అని అడగండి. గ్రహణం, తోకచుక్క, భూకంపం, వరద, అంటురోగం వంటి వాటికి బయటి రికార్డు దొరుకుతుంది. కథను ఆ మేకులకు తగిలించండి.

పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటు దేశంలో రోయ్ మాటా అనే గొప్ప నాయకుడి కథ ఉంది. ఎరెటోకా దీవిలో ఆయన్ను, ఆయనతో పాటు చాలామందిని పాతిపెట్టారని జనం చెబుతూ వచ్చారు. 1967లో ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త జోసే గరాంజే ఆ చోట తవ్వితే, కథలో ఉన్నట్టే నాయకుడి చుట్టూ దాదాపు 50 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి. చోటు విషయంలో మాట అంత గట్టిగా నిలిచింది. కాలం దగ్గరే చిక్కు వచ్చింది. మొదటి కార్బన్ డేటింగ్ 13వ శతాబ్దం వైపు చూపింది. తర్వాతి పరిశీలనలు దాన్ని 1600 ప్రాంతానికి తెచ్చాయి. అంటే ల్యాబ్ ఇచ్చిన అంకె కూడా మళ్లీ విచారించాల్సిన సాక్ష్యమే.

మూడు సాక్ష్యాలూ ఒక్క రాత్రి మీద కలిసిన సందర్భం ఒకటుంది. ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలోని మూలవాసులు ఓ చలికాలపు రాత్రి నేల ఊగి, సముద్రం వచ్చి ఊళ్లను ఎత్తుకుపోయిందని చెప్పేవారు. ఆ తీరంలో ఉప్పునీటిలో మునిగి చచ్చిన చెట్ల మోళ్లు ఉన్నాయి. అవి 1699లో చివరి వలయం వేసుకుని, తర్వాతి ఎదుగుదల మొదలుకాక ముందే చనిపోయాయని, కాండంలో ఏడాదికొకటిగా పడే వలయాల లెక్క తేల్చింది. సముద్రానికి అవతల జపాన్‌లో, భూమి కంపించకుండానే వచ్చిన అలల గురించి 1700 జనవరి నాటి రికార్డులు ఉన్నాయి. 1996లో కెంజి సటాకే బృందం అలల ప్రయాణ కాలాన్ని వెనక్కి లెక్కించి, భూకంపం 1700 జనవరి 26 రాత్రి 9 గంటల ప్రాంతంలో వచ్చిందని చూపింది. ఏ ఒక్క సాక్ష్యమూ ఒంటరిగా అంత దూరం వెళ్లేది కాదు. జపాన్ గుమస్తాకు అల ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. తీరంలోని అవ్వకు క్యాలెండర్‌తో పనిలేదు. చెట్టు తారీఖు చెప్పలేదు.

6. తవ్వకముందే పందెం రాయండి

ముందుగా ఒక మాట. దాదాపు ప్రతి దేశంలోనూ తవ్వకానికి ప్రభుత్వ అనుమతి కావాలి. అనుమతి, శిక్షణ పొందిన బృందం లేకుండా పార నేలకు తగలకూడదు. కదిలిన మట్టి పొరను తిరిగి పేర్చలేం. పైన నడిచి చూడటం, ఫోటోలు, కొలతలు మీరు చేయగలిగినవి. కుండపెంకు కనిపించినా ఉన్నచోటే ఉంచి గుర్తించండి.

పందెం అంటే ఇది: "పెద్దల మాట నిజమైతే ఇక్కడ బూడిద పొర ఉండాలి. సర్వే మ్యాపు నిజమైతే గోడ ఇక్కడికి 30 మీటర్ల ఉత్తరాన ఉండాలి." పని మొదలుకాకముందే రాసి తేదీ వేయండి. ఏం దొరికితే మీ ఊహ తప్పని ఒప్పుకుంటారో కూడా రాయండి. లేకపోతే ఏది దొరికినా "అనుకున్నట్టే ఉంది" అనిపిస్తుంది.

క్లోటిల్డా ఓడ విషయంలో ఈ జాగ్రత్త పనికొచ్చింది. బానిసల దిగుమతిని అమెరికా 1808లోనే నిషేధించింది. అయినా 1860లో ఆ ఓడ దాదాపు 110 మందిని ఆఫ్రికా నుంచి అలబామాకు తెచ్చింది. కెప్టెన్ విలియం ఫాస్టర్ దాన్ని నదిలో తగలబెట్టాడు. ఆ మనుషుల వారసులు ఆఫ్రికాటౌన్‌లో ఈ సంగతిని మరిచిపోలేదు. 2018లో నదిలో ఒక పాత ఓడ కనిపిస్తే అదేనని వార్త వచ్చింది. రికార్డుల ప్రకారం క్లోటిల్డా పొడవు 86 అడుగులు. దొరికింది అంతకన్నా చాలా పెద్దది. అది కాదని తేల్చారు. మళ్లీ వెతికితే ఇంకో శిథిలం దొరికింది. కొలత, కట్టిన తీరు, కలప, కాలిన గుర్తులు అన్నీ సరిపోయాకే 2019 మేలో ప్రకటించారు. వారసుల ఆశ ఎంత గాఢమైనదో, ఆ కొలతను పట్టుకుని ఆగడం అంత అవసరం.

7. తేడాలను పట్టికలో పెట్టండి

ఇప్పుడు మూడు నోటుబుక్కులూ తెరవండి. ఒక్కో సంగతికి ఒక్కో వరుస. కాగితం ఏమంది, నోటిమాట ఏమంది, మట్టి ఏమంది, చివరి కాలమ్‌లో కలిశాయా, తేడానా, మౌనమా. మౌనానికి, తేడాకు చాలా దూరం ఉంది. "రికార్డులో లేదు" అనేదాన్ని "రికార్డు కాదంది" అని చదవొద్దు.

తేడా కనిపించగానే ఎవరు తప్పు అని తేల్చే తొందర వద్దు. ముందు వాళ్లు ఒకే సంగతి గురించి మాట్లాడుతున్నారా చూడండి. ఊరు 1890లో ఖాళీ అయిందని కాగితం అంటుంది, తన బాల్యంలో అక్కడ ఉన్నామని ముసలామె అంటుంది. కాగితం చెప్పేది పన్ను కట్టడం ఆగిన ఏడాది. ఆమె చెప్పేది పొయ్యి ఆరిన ఏడాది. రెండూ నిజమే కావచ్చు. పొయ్యి బూడిద పైపొరలో ఏ కాలపు గాజు ముక్క ఉందో చూస్తే తేలుతుంది.

కొన్ని తేడాలు మాత్రం అధికారం వల్ల పుడతాయి. 1876 జూన్‌లో అమెరికాలోని లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర జరిగిన యుద్ధంలో, సైన్యాధికారి కస్టర్‌తో నేరుగా ఉన్న సైనికుల్లో ఎవరూ మిగల్లేదు. చూసి బతికినవాళ్లు వాళ్లతో పోరాడిన మూలవాసులు, లకోటా, షయెన్ యోధులు. సైనికుల వరుసలు చెదిరి, భయం పుట్టి, త్వరగా ముగిసిందని వాళ్లలో చాలామంది చెప్పారు. దేశం మాత్రం చివరి తూటా దాకా నిలిచిన వీరగాథను నమ్మింది. 1983లో గడ్డి తగలబడి నేల తేలింది. 1984, 1985లలో డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ బృందం మెటల్ డిటెక్టర్లతో వెతికి, దొరికిన ప్రతి తూటా చోటునూ గుర్తించింది. పేలిన తూటాల ఖాళీ తొడుగుల మీద తుపాకీ సూది వదిలిన గుర్తులను బట్టి ఒక్కో తుపాకీ ఎటు నుంచి ఎటు కదిలిందో చూశారు. ఆ కదలిక యోధుల మాటలకే దగ్గరగా ఉంది. వంద సంవత్సరాలకు పైగా అందుబాటులో ఉన్న వాంగ్మూలాన్ని పక్కన పెట్టింది ఆధారాలు లేక కాదు, చెప్పినవాళ్లు ఎవరో చూసి. మీ పట్టికలో ఒక వైపు మాటను తీసేయాలనిపించినప్పుడల్లా కారణం రాయండి. ఆ కారణం చెప్పిన మనిషి గురించే అయితే మళ్లీ చూడండి.

8. రాసేటప్పుడు, తిరిగి ఇచ్చేటప్పుడు

ప్రతి నిర్ణయానికీ అది దేని మీద ఆధారపడిందో పక్కనే చెప్పండి. "మౌఖిక సాక్ష్యం, రెండు స్వతంత్ర గొలుసులు", "ఒకే పత్రం, నకలు" అన్నట్టు. తేలని వాటిని తేలలేదనే రాయండి. చోట్ల కచ్చితమైన జీపీఎస్ అంకెలు బయటపెట్టొద్దు, దొంగ తవ్వకాలవాళ్లు కాచుకుని ఉంటారు.

ప్రచురించే ముందు చెప్పినవారికి చదివి వినిపించండి. 1970 తర్వాత అమెరికా పశ్చిమ తీరంలోని ఓజెట్‌లో, బురద కింద కూరుకుపోయిన మకా అనే మూలవాసుల పాత ఇళ్లను పురావస్తు శాస్త్రవేత్త రిచర్డ్ డాగర్టీ బృందం వాళ్లతో కలిసి తవ్వింది. ఊరిని బురద కప్పేసిందని వాళ్ల పెద్దలు ముందునుంచీ చెబుతున్నదే. పరిశోధకులకు అర్థంకాని పనిముట్లను అక్కడి పెద్దలు గుర్తుపట్టి వాటి వాడకం చెప్పారు. ఆ వస్తువులు దూర నగరానికి పోకుండా వాళ్ల సొంత గడ్డ నియా బేలో 1979లో తెరిచిన మ్యూజియంలో ఉన్నాయి. మీ పని చిన్నదైనా సరే, రికార్డింగ్ కాపీ, రాతప్రతి, మ్యాపు ఒక్కో సెట్టు చెప్పినవారి ఇంటికి, ఇంకోటి అక్కడి లైబ్రరీకి లేదా బడికి చేర్చండి. రికార్డింగ్‌ను నాణ్యత తగ్గని వేవ్ (WAV) ఫైలుగా రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఫైలు పేరులో తేదీ, చోటు, మీరిచ్చిన నంబరు ఉండాలి. నంబరుకూ మనిషి పేరుకూ ఉన్న జాబితాను మాత్రం విడిగా, తాళం వేసి ఉంచండి.